మధ్యమపదలోపి ఐస్‌క్రీము



ఐస్‌క్రీము మీద ఖండనవ్యాసం వ్రాయవలసిన దినం వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. జీవితమంతా పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. అయితే ఈ వివాదం చివరకు సమాసం దగ్గరికే వచ్చి ఆగింది కనుక నాకు కొంత అధికారం ఉన్నదనే భావిస్తున్నాను.

ఈ మధ్య మా మనుమరాలికి ఎనిమిదేళ్ళు నిండాయి. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఏడుపాయల వెళ్ళాము. వనదుర్గా భవాని దర్శనం చేసుకొని, మంజీర పాయ ఒడ్డున బండల మీద చాప పరచుకొని కూర్చున్నాము. మా అమ్మాయి దారిలో మెదకులో కొని, మంచుగడ్డల పెట్టెలో భద్రంగా తెచ్చిన డబ్బా తెరిచింది. మూత మీద ‘బర్త్‌డే కేక్ ఫ్లేవర్’ అని ఉన్నది. లోపల కొంచెం పసుపు తిరిగిన తెల్లని ముద్ద. అందులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల చక్కెర పలుకులు. అవి కరిగినచోట రంగులు కారి, హోళీ నాటి చొక్కా జేబును తలపిస్తున్నది.

"తాతా, మంచిగుందా?" అన్నది పిల్ల.

"మంచిగుందమ్మా" అన్నాను.

ఆ మాట అబద్ధం. ఈ టపా ఆ అబద్ధానికి ప్రాయశ్చిత్తం.

రుచి ఎట్లున్నదో ఉన్నదున్నట్టు చెబుతాను. మొదట తీపి, చివర తీపి. నడుమ వెనిలా పరిమళం, దాని వెనుక వెన్న వాసన. గమనించండి, వెన్న కాదు, వెన్న వాసన. రంగు పలుకులకు రుచి లేదు, పంటికింద ఇసుక వలె నలగడమే వాటి పని. నాలుగో చెంచాకు నోరు మొద్దుబారింది. చల్లదనానికి నాలుక తీపిని సరిగా పట్టలేదు. అందుచేత ఐస్‌క్రీములో చక్కెర దండిగానే పోస్తారు. ఇక దాని మీద చక్కెర పలుకులు కూడా చల్లితే చెప్పేదేమున్నది?

నా నాలుక ముసలిదైపోయిందేమోనని అనుమానం వచ్చి మనుమరాలిని కళ్ళు మూసుకొమ్మన్నాను. ఒక చెంచా నోట్లో పెట్టి, ఏమిటో చెప్పమన్నాను.

"వెనీలనే కదా తాతా!"

"నాన్నా, రిటైరైనా నీ పరీక్షలు ఆగుతలేవు" అని మా అమ్మాయి విసుక్కున్నది. కళ్ళు తెరిచిన పిల్ల మాత్రం డబ్బా మూతను, చెంచాను మార్చి మార్చి చూసి నన్నొక ప్రశ్న వేసింది: "మరి కేకేది తాతా?"

నాకు సమాధానం దొరకలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే దొరికింది. కేకు మూత మీద ఉన్నది.

వెనిలా ఒక లతకు కాసే కాయ. 1874లో జర్మనీ రసాయనవేత్తలు టీమన్, హార్మన్ ఆ కాయలోని ముఖ్య గంధద్రవ్యమైన వెనిలిన్‌ను కాయ అవసరం లేకుండానే తయారుచేశారు. వెన్నకు ఆ కమ్మని వాసననిచ్చే వాటిలో డైఅసిటైల్ ఒకటి, దానినీ సీసాలో నింపవచ్చు. ఈ రెండింటికీ చక్కెర తోడైతే నాలుక ‘కేకు’ అని భ్రమపడడానికి సిద్ధంగానే ఉంటుంది, అయితే ముందుగా కంటికి ఆ మాట చెప్పి ఉంచాలి. రంగు పలుకులు చేసే పని అదే. అమెరికాలో పిల్స్‌బరీ సంస్థ 1989లో ఇటువంటి పలుకులు కలిపిన కేకు పిండిని ‘ఫన్‌ఫెట్టీ’ అనే పేరుతో విడుదల చేసింది. ఆ దేశపు పిల్లలు పుట్టినరోజున నిజంగా ఆ కేకు తిని పెరిగారు కనుక వారికి ఈ ఐస్‌క్రీము ఒక జ్ఞాపకాన్ని తట్టి లేపుతుందేమో. మా మనుమరాలికి ఏ జ్ఞాపకాన్ని తట్టి లేపాలి?

నాకు కేకు మీద పగ లేదు. మెదకు వాళ్ళకు కేకు కొత్తదీ కాదు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన పెద్ద చర్చి నీడన ఉన్న ఊరు మాది. క్రిస్మసునాడు స్నేహితుల ఇళ్ళలో తిన్న ప్లమ్ కేకు రుచి ఇప్పటికీ నాకు గుర్తున్నది. నిజమైన కేకు రుచిలో సగం పొయ్యిది. పైన గోధుమరంగు తిరిగిన పొర, లోపల దూది వంటి మెత్తదనం, కోయగానే వచ్చే వేడి సువాసన, ఇవి కలిస్తే కేకు. మంచులో వీటిలో ఏది నిలుస్తుంది? పొయ్యి సొత్తును మంచుపెట్టెలో వెదకడం వృథా.

ఇప్పుడు సమాసానికి వద్దాము. ‘శాకపార్థివుడు’ అంటే శాకప్రియుడైన పార్థివుడు. నడిమి ‘ప్రియ’ పదం లోపిస్తుంది కనుక అది మధ్యమపదలోపి. ‘బర్త్‌డే కేక్ ఐస్‌క్రీమ్’లో చిత్రమేమంటే నడిమి పదం చెక్కుచెదరకుండా ఉన్నది, దాని అర్థమే లోపించింది. వ్యాకరణ శాస్త్రంలో దీనికి చోటు లేదు కనుక ‘మధ్యమపదార్థలోపి’ అని నేనే పేరు పెడుతున్నాను. మన భాషలో తినే వస్తువునూ పదార్థమే అంటాము, పదానికి గల అర్థమూ పదార్థమే. ఈ రెండూ ఒక్కసారే లోపించిన వస్తువును నేను ఇన్నేళ్ళలో ఇదే చూడడం.

మేము కూర్చున్న చోటు సంగతి చూడండి. మంజీర అక్కడ ఏడుగా చీలి తిరిగి కలుస్తుంది కనుక అది ఏడుపాయల. జనమేజయుడు సర్పయాగం చేసింది అక్కడేనని స్థలపురాణం చెబుతుంది, పాయలకు సప్తర్షుల పేర్లు పెడుతుంది. పురాణాన్ని నమ్మినా నమ్మకున్నా పాయలు ఉన్నాయి. ముందు నీరు పారింది, తరువాత పేరు వచ్చింది. ఈ డబ్బాకు ముందు పేరు వచ్చింది, నీరు ఇంకా రాలేదు.

ఐస్‌క్రీము అనే మాటకు మన దేశపు ఆహార ప్రమాణాలు కాపలా కాస్తున్నాయి. మామూలు ఐస్‌క్రీములో పాలకొవ్వు నూటికి 10 పాళ్ళకు తగ్గరాదు. పాలకొవ్వుకు బదులు నూనె కొవ్వు వాడితే దానిని ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని వేరే పేరుతో అమ్మాలి. పాలకు అంత కాపలా ఉన్నప్పుడు ఆ పక్కనే నిలబడ్డ కేకుకు కాపలా ఎవరు? తినేవాడి నాలుక తప్ప మరొకరు లేరు. ఆ నాలుకే మొహమాటపడి ‘మంచిగుంది’ అంటే ఇక ఆ మాటకు దిక్కెవరు?

‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఒకరి రుచిని తప్పుపట్టడానికి మీరెవరు?’ అని మీలో కొందరు అడగబోతున్నారని నాకు తెలుసు. ఆ సామెత జిహ్వలు వేరువేరని చెప్పింది గాని, జిహ్వలు తీర్పు చెప్పరాదని చెప్పలేదు. ఆ ఐస్‌క్రీము ఎవరికైనా నచ్చితే హాయిగా తినవచ్చు, వెనిలా నచ్చడంలో తప్పేమీ లేదు. దానిని కేకు అనడమే నా అభియోగం.

‘ముసలివాడికి కొత్త పడదు’ అనేవారికి ఒక మాట. హైదరాబాదు మొజంజాహి మార్కెట్టులో సీతాఫలం ఐస్‌క్రీము తినండి. అదీ ఐస్‌క్రీమే, అదీ మన తాతలు ఎరుగని వంటకమే. కళ్ళు మూసుకొని తిన్నా సీతాఫలమే అంటారు. నేను అడుగుతున్నది ఆ మాత్రం నిజాయితీ.

పోనీ, పుట్టినరోజు రుచే కావాలంటే మనకొకటి ఉండనే ఉన్నది. జన్మదినాన మార్కండేయుని తలచుకొని, నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు అరచేతిలో పోసుకొని త్రాగడం పాత ఆచారం. మూడే వస్తువులు, మూడింటినీ నాలుక గుర్తుపడుతుంది. ఎవరైనా దానిని మంచులో గడ్డకట్టించి ‘పుట్టినరోజు’ అని అమ్మితే మొదటి డబ్బా నేనే కొంటాను.

ఆ రాత్రి మనుమరాలి దోసిట్లో ఆ పాలు పోశాను. త్రాగి, మూతి తుడుచుకొని, ఒక్క క్షణం ఆలోచించి తీర్పు చెప్పింది:

"నువ్వులెక్కువైనయ్ తాతా."

నిజమే, ఎక్కువే అయ్యాయి. పొద్దున నేను చేయలేని పనిని ఎనిమిదేళ్ళ పిల్ల రాత్రికి చేసి చూపింది. మీరు కూడా ఈ టపా క్రింద ‘చాలా బాగుందండీ’ అని వ్రాసి పోకండి. ఏది ఎక్కువైందో చెప్పండి.

స్వస్తి.