గరాజ్ కబుర్లు: ఐదు నట్లు, 80 పౌండ్లు

పోయిన నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం మా పెద్దమ్మాయి ఫోన్ చేసింది. ఈస్ట్ లాన్సింగ్‌లో చదువుకుంటోంది, వారాంతానికి నోవైలో ఉన్న మా ఇంటికి ఐ-96 మీద వస్తోంది. "నాన్నా, ముందు ఎడమ టైరు దగ్గర టకటకా చప్పుడొస్తోంది. స్టీరింగ్ వణుకుతోంది."

"మెల్లగా పక్కకి తీసి ఆపెయ్యమ్మా. ఇంక ఒక్క అడుగు కూడా నడపకు" అన్నాను.

నేను వెళ్ళి చూద్దును కదా, ఐదు లగ్ నట్లలో రెండు వేళ్ళతోనే తిరుగుతున్నాయి. మిగతా మూడూ వదులే. చక్రానికి ఉన్న గుండ్రటి కన్నాలు కోలగా అరిగిపోయాయి. ఇంకో పది మైళ్ళు వచ్చి ఉంటే అన్న ఆలోచన రానివ్వకుండా టో ట్రక్కుకి ఫోన్ చేశాను. ఏ టైరు షాపు కుర్రాడో బిగించి ఉంటే వాణ్ణి నాలుగు దులిపేవాణ్ణే. కానీ అంతకు రెండు వారాల ముందు మా గరాజ్‌లో ఆ స్నో టైర్లు బిగించింది నేనే. మాస్టర్స్ చదివినవాడికి నట్లు బిగించడం ఒక లెక్కా అనుకున్నాను.

నేను చేసిన మొదటి తప్పు నట్టు దగ్గరే ఉంది. మాది హోండా అకార్డ్. కంపెనీ ఇచ్చే నట్టు అడుగుభాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది, కంపెనీ చక్రంలో దానికి సరిపడే గుంట ఉంటుంది. స్నో టైర్ల కోసం నేను బయట కొన్న ఇనుప చక్రాల గుంటలు కోన్ ఆకారంలో ఉన్నాయి. మర రెండింటికీ ఒకటే, 12 మిల్లీమీటర్లు. అందుకని పాత నట్టు హాయిగా ఎక్కేసింది, బిగుసుకున్నట్టే అనిపించింది. నిజానికి సన్నటి గీత మేర మాత్రమే ఆని ఉంది. టొయోటా అల్లాయ్ చక్రాలు చాలావాటికి వాషరుతో చదునుగా ఉండే నట్లు వస్తాయి, అవి ఇంకో రకం. చక్రాలు మారిస్తే నట్లు కూడా ఆ చక్రానికి తగినవే కొనాలి. పాతవి పారెయ్యకండి. ఐదింటిని డిక్కీలో స్టెప్నీ పక్కన పడెయ్యండి, స్టెప్నీకి అవే కావాలి. (స్టెప్నీ అన్నది వేల్స్‌లోని లానెల్లీ ఊళ్ళో ఒక వీధి పేరని పిల్లలకి చెప్పండి. 1904 ప్రాంతంలో అక్కడ స్పేర్ చక్రాలు తయారుచేసిన డేవీస్ సోదరులు ఆ పేరే పెట్టారు. ఆ మాట మన ఊళ్ళదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.)

రెండో తప్పు, పానా మీద కాలేసి తొక్కి బిగించడం. నట్టు తిప్పినప్పుడు స్టడ్ రబ్బరు బ్యాండులా రవ్వంత సాగుతుంది. ఆ లాగుడే చక్రాన్ని హబ్‌కి అదిమిపెట్టి ఉంచుతుంది. తక్కువైతే చక్రం కదులుతుంది, మరీ ఎక్కువైతే స్టడ్ సాగిపోయి ఎప్పుడో విరుగుతుంది. అకార్డ్‌కి 80 ఫుట్ పౌండ్లు, క్యామ్రీకి 76. మీ కారుది మాన్యువల్‌లో ఉంటుంది. 80 అంటే ఎంత? మా చిన్నాడి బరువు సరిగ్గా 80 పౌండ్లు. అడుగు పొడవున్న పానా చివర వాడు వేలాడితే ఎంతో అంత. రెండడుగుల పానా అయితే వాడిలో సగమే చాలు. ఇది విన్నప్పటినుంచీ వాడు పానా పట్టుకుని వేలాడతానని ఒకటే గోల.

దీనికి టార్క్ రెంచ్ ఉంది. అంకె పెట్టి తిప్పితే అక్కడికి రాగానే టక్కుమంటుంది. అక్కడితో ఆపాలి. మరలకి నూనె రాయకండి. మనం పెట్టే బలంలో నూటికి తొంభై వంతులు రాపిడికే పోతుంది. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే 80 దగ్గర స్టడ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ సాగుతుంది. విప్పేటప్పుడు చక్రం నేలమీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. ఎక్కించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పి, జాకీ దించాక రెంచ్ పట్టండి. వరసగా కాదు, పెన్ను ఎత్తకుండా ఐదు కోణాల స్టార్ గీసినట్టు ఒకటి విడిచి ఒకటి.

మూడో తప్పు, మళ్ళీ చూడకపోవడం. మన మిషిగన్ ఉప్పు రోడ్ల పుణ్యమా అని హబ్ మీద తుప్పు పొరలా పేరుకుంటుంది. దాన్ని వైర్ బ్రష్‌తో గోకకుండా చక్రం ఎక్కిస్తే, నాలుగు రోజులు తిరిగాక ఆ పొర నలిగి, బిగించిన నట్టు వదులవుతుంది. అందుకే 50 నుంచి 100 మైళ్ళ తర్వాత మళ్ళీ రెంచ్ పెట్టి చూడాలి. ఆఫీసులో కొత్త కోడ్ పెట్టి మర్నాడు లాగ్ చూడకుండా ఉంటానా? ఇక్కడ మాత్రం చూడలేదు.

ఆ చక్రానికి ఐదు స్టడ్లూ మార్పించాను, చక్రం కొత్తది కొన్నాను, కోన్ నట్లు ఇరవై తెచ్చాను. ఈసారి బిగించింది మా అమ్మాయే. నేను పక్కన నిలబడి టక్కులు లెక్కపెట్టాను. చిన్నాడు ఓడోమీటర్ అంకె కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించాడు. ఆదివారం తను ఈస్ట్ లాన్సింగ్ చేరాక, నేను అడక్కముందే ఫోన్ చేసింది: "రెంచ్ పెట్టి చూశాను నాన్నా. రెండు నట్లు కొంచెం తిరిగాయి."