తరం సగంలోనే కొత్త పెట్టె ఎందుకు?

మొన్నీమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘ సహోదరుడొకరు మమ్మల్ని పక్కకు పిలిచారు. "అయ్యగారూ, మావాడు పోరితే మూడేళ్ల కిందట ప్లేస్టేషన్ 5 కొనిచ్చాం. ఇప్పుడది పాతబడిపోయిందట. ప్రో అని ఇంకోటి వచ్చిందట. ఇక్కడ షాపుల్లో దొరకదు, డాలస్‌లో ఉన్న మేనమామ క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు తెమ్మని చెప్పమంటున్నాడు. మూడేళ్లకే పాతబడే వస్తువును వాళ్లు మాకెందుకు అమ్మినట్టు? మేం మోసపోయామా?"

అబ్బాయిని మందలించమని ఆయన అడగలేదు, మోసపోయామా అని అడిగారు. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. వారం రోజులు చదివి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ఇది సంపాదకీయానికి తగిన విషయమేనా అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. యాభై వేల రూపాయలు మన ఇళ్లలో చిన్న మొత్తం కాదు. ఈ పెట్టె దగ్గర తండ్రీకొడుకుల మాటలు ఆగిపోయిన ఇళ్లు కూడా మేమెరుగుదుం.

గేమ్ కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆటలాడుకునే కంప్యూటరు. ఈ వ్యాపారంలో పెద్దవి మూడు: జపాన్‌కు చెందిన సోనీ, నింటెండో, అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్. ఒక యంత్రం విడుదల చేశాక ఆరేడేళ్లకు గానీ దాని తర్వాతిది తేకపోవడం వీళ్ల ఆనవాయితీ. ప్లేస్టేషన్ 2 వచ్చింది 2000లో, 3 వచ్చింది 2006లో, 4 వచ్చింది 2013లో, 5 వచ్చింది 2020లో. ఆ మధ్య కాలాన్ని ఒక 'తరం' అంటారు. కొన్నవాడికి ఇందులో ఒక భరోసా ఉండేది. తరం ముగిసేదాకా వచ్చే ప్రతి ఆటా తన పెట్టెలో నడుస్తుంది. ఆటలు తయారుచేసేవాళ్లకూ అది సుఖమే, కోట్ల ఇళ్లలో ఉన్నది ఒకే యంత్రం కాబట్టి.

ఈ ఆనవాయితీ 2016లో మారింది. ఆ ఏడాది నవంబరులో సోనీ ప్లేస్టేషన్ 4 ప్రో తెచ్చింది. మరుసటి ఏడు అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ తెచ్చింది. రెండూ కొత్త తరం కావు. పాత తరం యంత్రాలకే బలం పెంచి చేసినవి. బొమ్మలు గీసే చిప్ శక్తిని టెరాఫ్లాప్స్ అనే కొలతలో చెబుతారు. మామూలు ప్లేస్టేషన్ 4లో అది 1.84 ఉంటే ప్రోలో 4.2 ఉంది. ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌లో 6కు చేరింది.

ఎందుకు తెచ్చారన్నదానికి వెంటనే వినిపించే జవాబు 4కే టీవీలు. అప్పటికి అమెరికా, యూరప్ ఇళ్లలోకి అవి చేరుతున్నాయి. టీవీ మీద అంత డబ్బు పోసినవాడికి దానికి తగిన బొమ్మ కావాలి. నిజమే కానీ అది సగం జవాబే. మిగతా సగాన్ని అప్పట్లో సోనీ గేమింగ్ విభాగం అధిపతిగా ఉన్న ఆండ్రూ హౌస్ 2016లో ఒక ఇంటర్వ్యూలో దాచకుండా చెప్పారు. తరం సగానికి వచ్చేసరికి, బొమ్మ నాణ్యత మీద బాగా మోజున్న ఆటగాళ్లు కన్సోల్ వదిలి కంప్యూటర్ వైపు వెళ్లిపోతున్నట్టు లెక్కలు చూపించాయట. వాళ్లను తమ గూటిలోనే నిలుపుకోవాలన్నది ఉద్దేశం.

వెళ్లిపోయేవాళ్లు కొద్దిమందే కదా, వాళ్ల కోసం కొత్త యంత్రం తయారుచేయాలా? ఇక్కడ ఈ వ్యాపారం లోగుట్టు తెలియాలి. ఇందులో లాభం పెట్టె అమ్మకంలో రాదు. 2021లో ఎపిక్, యాపిల్ కంపెనీల మధ్య అమెరికా కోర్టులో నడిచిన దావాలో మైక్రోసాఫ్ట్ అధికారి ఒకరు సాక్ష్యమిస్తూ, ఎక్స్‌బాక్స్ యంత్రాలను తాము ఎన్నడూ లాభానికి అమ్మలేదని చెప్పారు. ప్లేస్టేషన్ 5ను కూడా సోనీ కొత్తలో నష్టానికే అమ్మింది. డిస్క్ ఉన్న రకం ఆ నష్టం నుంచి బయటపడింది 2021 వేసవి తర్వాతే. మరి డబ్బు ఎక్కడ? పెట్టె కొన్నవాడు ఆ తర్వాత కొనే ఆటల్లో. ఇతరులు తయారుచేసిన ఆట అయినా, కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో అమ్ముడైతే ధరలో సుమారు 30 శాతం కన్సోల్ కంపెనీకి పోతుంది. నెలవారీ, ఏడాది చందాలు దానికి అదనం. బొమ్మ నాణ్యత కోసం కంప్యూటర్‌కు మారిపోయేవాడు సాధారణంగా ఏడాదికి ఒకటి రెండు ఆటలతో సరిపెట్టుకునేవాడు కాదు, చాలా కొనేవాడు. అలాంటివాడు ఒకడు పోతే నష్టపోయేది పెట్టె ధర కాదు, ఏళ్ల తరబడి వచ్చే ఆ వాటా.

కాబట్టి ప్రో అన్నది అందరి కోసం చేసిన వస్తువు కాదు. విడుదలైన తర్వాత అమ్ముడైన ప్లేస్టేషన్ 4లలో ఐదింటిలో ఒకటి మాత్రమే ప్రో అని సోనీయే చెప్పుకుంది. దాన్ని అది విఫలం అనుకోలేదు. ఆ ఒక్కరి కోసమే కదా చేసింది.

ఇది 2016కు ముందు ఎందుకు జరగలేదంటే, ప్రయత్నాలు జరిగాయి, దెబ్బతిన్నాయి. 1994 నవంబరులో సెగా కంపెనీ అమెరికాలో తన పాత కన్సోల్‌కు తగిలించే 32ఎక్స్ అనే పరికరాన్ని 159 డాలర్లకు అమ్మింది. అదే నెలలో జపాన్‌లో ఆ కంపెనీదే కొత్త తరం యంత్రం శాటర్న్ వచ్చేసింది. ఆరు నెలలు తిరిగేసరికి అమెరికాకూ వచ్చింది. 159 డాలర్లు పోసినవాళ్ల చేతిలో ఆటలు రాని పరికరం మిగిలింది. అదీ అసలు మోసపోవడమంటే. ప్లేస్టేషన్ 4 నాటికి సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ ఏఎండీ కంపెనీ చేసే చిప్‌లకు మారాయి. ఇవి మామూలు కంప్యూటర్ల చిప్‌ల కుటుంబానివే. ప్లేస్టేషన్ 4 ప్రోలో బొమ్మలు గీసే భాగాలు 18 నుంచి 36 అయ్యాయి, అంటే ఉన్నదాని పక్కన అలాంటిదే ఇంకొకటి పెట్టినట్టు. పాత ఆట మార్పు లేకుండా నడుస్తుంది, కొత్త ఆట రెండింటిలోనూ నడుస్తుంది. ప్రోలో మాత్రమే నడిచే ఆటలు చేయకూడదని సోనీ నియమం పెట్టింది. ఈ విషయంలో నింటెండో అంత పట్టింపుగా లేదు. 2014లో మొదలైన తన 'న్యూ 3డీఎస్' కోసం పాత 3డీఎస్‌లో నడవని ఆటను కూడా అమ్మింది. 2021లో వచ్చిన స్విచ్ ఓలెడ్‌లో మాత్రం లోపలి చిప్ పాతదే, ముఖ్యంగా మారింది తెర.

ఇంతవరకు ఎవరికీ అన్యాయం జరగలేదు. మమ్మల్ని నిజంగా ఆలోచింపజేసింది ధరల సంగతి.

ప్లేస్టేషన్ 2 అమెరికాలో 299 డాలర్లకు మొదలై, 2009లో 99 డాలర్లకు వచ్చింది. ప్లేస్టేషన్ 3 చవక రకం 499తో మొదలై, అదే 2009లో సన్నని రూపంతో 299కి దిగింది. కంపెనీ దయతలచి తగ్గించింది కాదు. చిప్‌లు తయారుచేసే పద్ధతి మెరుగవుతున్న కొద్దీ అదే చిప్ ఇంకా చిన్నదిగా, చవకగా తయారయ్యేది. ప్లేస్టేషన్ 2లో మొదట విడివిడిగా ఉన్న రెండు ముఖ్యమైన చిప్‌లు తర్వాత ఒకే చిప్‌గా కలిసిపోయాయి. అందుకే ఓపిక పట్టినవాడికి ఫలం ఉండేది. ధనవంతుల పిల్లవాడు మొదటి ఏడాది ఆడిన ఆటను, చిన్న జీతం తండ్రి కొడుకు నాలుగైదేళ్లకు దాదాపు సగం ధరలో ఆడేవాడు. ప్లేస్టేషన్ 2 పదహారు కోట్లు దాటి అమ్ముడవడంలో ఆ చవక ఏళ్ల పాత్ర చాలా ఉంది.

2016లో ఆ మెట్లు ఇంకా ఉన్నాయి. ప్లేస్టేషన్ 4 ప్రో వచ్చింది 399 డాలర్లకు. సరిగ్గా మూడేళ్ల కిందట మామూలు ప్లేస్టేషన్ 4 మొదలైన ధర అది. మామూలుది 299కి దిగింది. అంటే కొత్తది పాతదాని మెట్టు మీద నిలబడింది, పాతది ఒక మెట్టు కిందికి జరిగింది. కింద నిలుచున్నవాడికీ మేలే.

2024 నవంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో వచ్చినప్పుడు ఇది జరగలేదు. దాని ధర 699 డాలర్లు. మొదటి ప్లేస్టేషన్ 5 ధర 499. కొత్తది పాతదాని మెట్టు మీద కాక దాని నెత్తిన 200 డాలర్ల ఎత్తులో ఇంకో మెట్టు కట్టుకుంది. పాతది కిందికి దిగకపోగా, 2025 ఆగస్టులో అమెరికాలోనే 549 అయింది, ప్రో 749 అయింది. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు మొదలైన ప్లేస్టేషన్ 5ను 2022 నవంబరులో 54,990 చేశారు. చిప్‌లు మునుపటిలా చవకపడటం లేదు, వాటికి గిరాకీ పెరిగింది, సుంకాలు, మారకపు విలువలు తోడయ్యాయి. కారణాలు నిజమైనవే, కాదనం. కానీ ఫలితం చూడండి. ఆగినవాడు ముందు కొన్నవాడికంటే ఎక్కువ చెల్లిస్తున్నాడు. ఓపికకు ఇంతకాలం దొరికిన ఫలం ఈ తరంలో దొరకలేదు. మన సంఘాల్లో ఎక్కువ ఇళ్లు ఆగి కొనే ఇళ్లే.

ఇంకో సంగతి పత్రికల్లో కొంత నలిగింది గానీ మన వాళ్లకు అంతగా చేరలేదు. ప్రోలో డిస్క్ పెట్టే సదుపాయం లేదు. కావాలంటే 80 డాలర్లు పెట్టి విడిగా కొనుక్కోవాలి. మన ఊళ్లలో పిల్లలు ఒకడు కొన్న డిస్క్‌ను నలుగురు మార్చుకుని ఆడతారు, ఆడేశాక సగం ధరకు అమ్ముకుంటారు. డిస్క్ లేని పెట్టెలో ఆ దారి మూతపడుతుంది. ప్రతి ఆటా కంపెనీ సొంత దుకాణంలోనే కొనాలి, పైన చెప్పిన 30 శాతం లెక్క ప్రతిసారీ వర్తిస్తుంది. మామూలు ప్లేస్టేషన్ 5లో డిస్క్ లేని రకం మొదటి నుంచీ ఉంది గానీ, అది డిస్క్ ఉన్నదానికంటే చవక. అత్యంత ఖరీదైన పెట్టెలోనే అది లేకపోవడం ఏమిటని మేమూ ఆశ్చర్యపోయాం.

ఇంతకీ ప్రోలో ఏముంది? బొమ్మలు గీసే వేగం దాదాపు 45 శాతం దాకా ఎక్కువ. తక్కువ చుక్కలతో గీసిన బొమ్మను కృత్రిమ మేధతో ఎక్కువ చుక్కల బొమ్మగా మార్చే పద్ధతి ఒకటి చేర్చారు. మామూలు ప్లేస్టేషన్ 5లో చాలా ఆటలు ఆడేవాణ్ణి అడుగుతాయి: నాణ్యమైన బొమ్మ కావాలా, తడబడని వేగం కావాలా అని. ముప్పావు వంతు మంది వేగమే ఎంచుకుంటున్నారని దీని రూపశిల్పి మార్క్ సెర్నీ చెప్పారు. రెండూ ఒకేసారి ఇవ్వడం ప్రో పని. ఇక్కడితో సరి. ప్రోలో నడిచి మామూలు ప్లేస్టేషన్ 5లో నడవని ఆట అంటూ లేదు. మైక్రోసాఫ్ట్ ఈసారి ఈ పోటీలోకి దిగనే లేదు. 2020లోనే బలమైనదొకటి, చవకైనదొకటి కలిపి విడుదల చేసి ఊరుకుంది.

ప్రో విడుదలైనప్పుడు మన దేశం ఆ జాబితాలో లేకపోవడానికి కారణం కూడా చెప్పాలి, దాని మీద చాలా పుకార్లున్నాయి కాబట్టి. అందులో ఉన్న వైఫై 7కు 6 గిగాహెర్ట్జ్ తరంగాలు కావాలి. అప్పటికి మన ప్రభుత్వం వాటిని అనుమతించలేదు. సోనీ స్వయంగా చెప్పిన కారణం ఇదే. అయినా విదేశాల నుంచి తెప్పించి అమ్మేవాళ్లు ఉన్నారు. అలా కొనేవాళ్లు చెడిపోతే ఎవరు బాగుచేస్తారో ముందే తేల్చుకోవడం మంచిది.

పోయిన ఆదివారం ఆ సహోదరుడు మళ్లీ కనిపించారు. "బ్రదర్, మీరు మోసపోలేదు. మీరు కొన్నదానిలో ఇకముందు వచ్చే ఆటలు కూడా నడుస్తాయి. పైగా మీరు కొన్న ధరకు ఇప్పుడు అది దొరకడం కష్టం" అన్నాం. ఆయన ముఖం కాస్త తేటపడింది. ఇంట్లో ఉన్న టీవీ ఏదని అడిగాం. ఇల్లు కట్టినప్పుడు కొన్న 32 అంగుళాలది అన్నారు. ఆ రకం టీవీల తెర మీద చుక్కలు సుమారు 10 లక్షలు. 4కే తెర మీద సుమారు 83 లక్షలు. మేనమామ 60 వేల పైన పోసి డాలస్ నుంచి మోసుకొచ్చినా, ఆ మెరుగులో చాలా భాగం ఆ టీవీలో కనిపించదు. ఈ లెక్క కాగితం మీద రాసిచ్చి, అబ్బాయితో తగువు పడకుండా చూపించమన్నాం.

కాగితం జేబులో పెట్టుకుంటూ ఆయన నవ్వారు. "చూపిస్తానయ్యగారూ. కానీ ఇది చూశాక వాడు టీవీ మార్చమంటాడేమో!"