ప్యారీ మూల యెవ్వరిది?

చెన్నపట్టణమున సముద్రతీరపు వీథియు, పూర్వము చీనాబజారని వ్యవహరింపబడిన వీథియు కలియు మూలకు నేటికిని ప్యారీస్ అనియే పేరు. ఒక వీథికి రాజాజీ పేరును, రెండవదానికి నేతాజీ పేరును బెట్టుకొంటిమి. ఇరువురు దేశభక్తులు ఇరుప్రక్కల గావలియున్నను, మూలమాత్రము వేల్సుదేశపు వర్తకునిదిగనే నిలిచియున్నది. బస్సునందు కేక ఆ పేరుతోనే. న్యాయస్థానమునకు బోవు మావంటివారు టిక్కెట్టు కొనుటయు ఆ పేరుతోనే.

ఆ పేరును జెఱిపివేయుడని మేము కోరుట లేదు. టామసు ప్యారీ 1788లో నిచ్చటికి వచ్చెను, 1803లో ఆ స్థలమును గొనెను, 1824లో మృతినొందెను. అతని కాలమున కెరటములు ఆ కట్టడమునకు మిక్కిలి చేరువగ వచ్చుచుండెడివి. హార్బరు కట్టిన పిమ్మట సముద్రము దూరముగ జరిగిపోయినది. నేడచ్చట నున్న డేర్ హౌసు 1940లో పూర్తియైనది. ఆ కంపెనీయును 1981లో మురుగప్పవారి వశమయ్యెను. వర్తకుడు వర్తకము చేసికొనెను. అతనితో మాకు తగవు లేదు.

మా తగవు వేఱొక కథతోడిది. ఉత్త యిసుకదిబ్బపై ఆంగ్లేయుడు మహానగరమును నిర్మించెనని పిల్లలకు బోధింతురు గదా, ఆ కథతోడ. ఇసుకదిబ్బయైనచో 1639లో దామెర్లవారియొద్ద అనుమతిపత్రము పుచ్చుకొననేల? వారి తండ్రి చెన్నప్పనాయకుని పేర చెన్నపట్టణమను నామ మెట్లు కలిగెను? కోటకుత్తరమున నేతగాండ్రు, అద్దకపువారు, కోమట్లు, దుబాసీలు, తెలుగువారును తమిళులును గలసి కాపురముండిరి. వారి నడుమ చెన్నకేశవస్వామి కోవెల యుండెను. దొరలు ఆ యూరికి నల్లవారి పట్టణమని పేరిడిరి.

ఆ యూరేమయ్యెను? 1746లో ఫ్రెంచివారు కోటను బట్టి, సమీపపు టిండ్లను గొన్నిటిని గూల్చిరి. 1749లో కోట మరల నాంగ్లేయుల కైవసమయ్యెను. మిగిలిన దానిని వారే కూలద్రోసిరి. కోట ఫిరంగులకు చూపు అడ్డములేక సాగవలెనట! కోవెలయు బోయెను, పిమ్మట దేవరాజమొదలి వీథిలో మరల నిర్మింపబడెను. ఖాళీచేసిన నేలకు హద్దులుగ ఆఱు స్తంభములను నాటిరి. వానిలో నొకటి ఆ ప్యారీ మూలయందే, 1773 జనవరి 1 అను తేదీతో, నేటికిని నిలిచియున్నది. ఆ నేలమీదనే 1892లో హైకోర్టు వెలసినది.

పొలముగట్టున నొక్క హద్దురాయి కదలినచో మూడుతరములు వ్యాజ్యమాడు జాతి మనది. ఇచ్చట రాయి యున్నది, హద్దున్నది, తేదీ యున్నది. వాదులు మాత్రము లేరు. ఆ నేలమీదనే నల్లగౌనులు ధరించి పరుల స్వాధీనపు హక్కులనుగూర్చి గంటలకొలది వాదించువారము మేము!

యుద్ధావసరమున నట్లు చేయవలసివచ్చెనని కొందఱందురు. సుంకముల మినహాయింపుల నాసచూపి పిలిచి కాపురముంచినవారి యిండ్లను కూల్చినపుడు, ఆ యవసర మెవ్వరిదో చెప్పవలదా? 1953లో పట్టణము మనకు దక్కలేదు, దాని రాళ్లతో మనకేమి పనియని మనవారే కొందఱందురు. రాష్ట్రపు సరిహద్దు వేఱు, జ్ఞాపకము వేఱు. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయినుండి వచ్చి నిలిచినది ఆ మూలకు సమీపముననున్న తంబుచెట్టి వీథిలోనే గదా! నష్టపడినవారిలో తమిళులును గలరు. ఇది యిరువురి వ్యాజ్యము.

దొరలనే నిందించి యూరకుండుటయు తగదు. అదే తీరపువీథిలోని బెంటింకు భవనమును స్వతంత్రభారతమందే పడగొట్టిరి.

మేము కోరున దత్యల్పము. ఆ స్తంభము ప్రక్కను, హైకోర్టు వాకిటను, తమిళ తెలుగు భాషలలో ఒక్కొక్క శిలాఫలకమును నిలుపుడు. ఇచ్చట నొక యూరుండెననియు, అందెవ్వరు కాపురముండిరో, ఎవ్వరి యుత్తరువున నది నేలమట్టమయ్యెనో వ్రాయింపుడు. పెద్దవకీలొకని యొక్కదినపు ఫీజుతో ఆ పని ముగియును. చోటు మిగిలినచో ప్యారీగారికిని నొక పంక్తి యియ్యవచ్చును, మాకభ్యంతరము లేదు.