ఎనిమిది వేశాక ఏ బండి?

పోయిన శుక్రవారం మా మేనల్లుడు హైదరాబాద్ నాగోలు డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ బయట నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న స్ప్లెండర్ మీద, కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వేశాడట. పాసయ్యాడట. సాయంత్రానికల్లా మూడు బండ్ల ఫొటోలు పంపాడు. మూడూ పెద్దవే, ఒకటైతే 650 సీసీ. కింద ఒకటే ప్రశ్న: "ఏది కొనమంటావు మామయ్యా?"

"ఆదివారం వస్తాను, కలిసి చూద్దాం" అన్నాను. ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లల్లో ఈ మాట మీదే తల్లీ కొడుకుల మధ్య రభస జరుగుతోంది. అందుకే విజయవాడ నుంచి రైల్లో వెళ్తూ ఆలోచించినవీ, ఆ ఆదివారం చూసినవీ ఈ వారం రాస్తున్నాను.

ముందు లైసెన్సు సంగతి. కార్డు మీద ఎంసీడబ్ల్యూజీ అని ఉంటుంది. గేర్లున్న మోటార్ సైకిల్ అని అర్థం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లైసెన్సు దగ్గర గేర్లు ఉన్నవీ లేనివీ అని చూసిందే గాని, పద్దెనిమిదేళ్లు నిండినవాడికి ఏది చిన్న బండి, ఏది పెద్ద బండి అని చూడలేదు. 97 సీసీ బండి మీద నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో ఎనిమిది వేసినవాడు, కార్డు చేతికి రాగానే వెయ్యి సీసీ బండి ఎక్కి హైవే మీదికి వెళ్లొచ్చు. ఎవరూ ఆపరు.

సింగపూర్‌లో ఉన్న మనవాళ్లని అడిగితే అక్కడి పద్ధతి చెబుతారు. మొదటి లైసెన్సుతో 200 సీసీ దాకానే. ఏడాది గడిచాక మరో పరీక్ష పాసైతే 400 దాకా. ఇంకో ఏడాది, ఇంకో పరీక్ష అయ్యాక గాని ఆపై బండ్లు ముట్టుకోనివ్వరు. యూరప్‌లో మధ్య మెట్టుని ఏ2 అంటారు. దాని హద్దు 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్ పవర్. కుర్రవాళ్లకి ఆ మెట్టు మీద రెండేళ్లు నడిపితేనే పైకి దారి. బండి బరువూ బలమూ మారితే నడిపే విద్య కూడా మారుతుందని ఆ దేశాలు ఒప్పుకున్నాయి. మనకీ అలాంటి మెట్లు కావాలి, ఈ మాట నేను గట్టిగానే అంటాను. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోతే అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. అది చిన్న బండ్లూ పెద్ద బండ్లూ కలిపిన లెక్కే. అయినా ఆ అంకె చూశాక, ఇరవై రెండేళ్ల పిల్లాడికి ఏ బండి ఇప్పించాలన్నది వాడి ముచ్చటకి మాత్రమే వదిలేయలేను.

మావాడు ప్రతి ఫొటో పక్కనా సీసీ రాశాడు. ఊరంతా బండిని సీసీతోనే కొలుస్తుంది. పన్నుకీ అదే కొలత: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40. కానీ సీసీ అంటే ఇంజన్ సిలిండర్లలో ఎంత చోటుందో చెప్పే లెక్క, అంతే. క్లాసిక్ 350 బలం 20 హార్స్ పవర్. కేటీఎం 390 డ్యూక్‌ది దాదాపు 45. సీసీలో తేడా యాభై, బలంలో రెండింతలకు పైనే. ఇంటర్‌సెప్టర్ 650 బలమేమో 47. సరిగ్గా యూరప్ వాళ్లు మధ్య మెట్టుకి గీసిన గీత దగ్గర ఆగుతుంది. అంటే 390కీ 650కీ బలంలో పెద్ద తేడా లేదు, బరువులో ఉంది. స్ప్లెండర్ బలం ఎనిమిది. ఎనిమిది నుంచి ఇరవైకి వెళ్లినవాడికి చెయ్యి అలవాటు పడడానికి వ్యవధి ఉంటుంది. ఎనిమిది నుంచి నలభై అయిదుకి వెళ్తే, స్పీడ్ బ్రేకర్ మీద ఎక్సిలేటరు కాస్త ఎక్కువ తిరిగినా బండి ముందున్న ఆటోలోకి దూకుతుంది.

బరువు గురించి చాలామంది షోరూములో అడగరు. స్ప్లెండర్ 112 కిలోలు, క్లాసిక్ 195. బండి కదులుతున్నప్పుడు ఆ తేడా తెలియదు, ఆగేటప్పుడు తెలుస్తుంది. నేను మొదటి పెద్ద బండి కొన్న పదో రోజున మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఎక్కుతుంటే పైన ఎవరో కారు అడ్డం పెట్టారు. హ్యాండిల్ పక్కకి తిరిగి ఉండగానే ముందు బ్రేకు పట్టాను. చిన్న బండైతే కాలు ఆన్చి నిలబెట్టుకునేవాణ్ని. ఇది ఒరగడం మొదలుపెట్టాక ఆగలేదు. మడమ మీద పడింది. ఆరు వారాలు కట్టు. అప్పుడు నా వేగం గంటకి అయిదు కిలోమీటర్లు కూడా లేదు.

అందుకే ఆదివారం షోరూములో మావాణ్ని ముందు బండి ఎక్కనివ్వలేదు. ఇంజన్ ఆపేసి ఉండగా, పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని పది అడుగులు వెనక్కి తొయ్యమన్నాను. తర్వాత షోరూము ముందున్న వాలులో, ముఖం గోడ వైపు ఉండేలా బండి పెట్టించి, అక్కణ్నుంచి వెనక్కి తియ్యమన్నాను. రోజూ ఆఫీసు పార్కింగులో చెయ్యాల్సింది అదే. 650ని తియ్యలేక చెమటలు పట్టాయి వాడికి. అమ్మే కుర్రాడు సాయం రాబోతే వద్దన్నాను. ఆ తర్వాత సీటు. కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగమైనా నేల మీద గట్టిగా ఆనాలి. మునివేళ్ల మీద నిలబెట్టే బండి గుంత పక్కన ఆగాల్సి వస్తే పడిపోతుంది. సీటు ఎత్తు మిల్లీమీటర్లలో రాస్తారు గాని మన తొడల పొడవూ సీటు వెడల్పూ ఆ కాగితంలో ఉండవు. ఎక్కి చూడాల్సిందే. వెనక అమ్మనో చెల్లెలినో కూర్చోబెట్టుకుని కూడా చూడాలి.

ఇక బ్రేకు. 1983లో మన దేశంలోకి రాజ్‌దూత్ 350 వచ్చింది. 30 హార్స్ పవర్ దాకా బలం, ఆ రోజుల్లో మన రోడ్లు ఎరగని పరుగు. యమహా మూల నమూనాలో ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉంటే, ఇక్కడ ఖర్చు తగ్గించడానికి డ్రమ్ము బిగించారు. ఆ బండిని ప్రేమించినవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు, నేనూ ప్రేమిస్తాను. కానీ పరుగుకి తగ్గ బ్రేకు లేని బండి ఎవరికీ మొదటి బండి కాకూడదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లకి, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అన్న నియమం 2018లో వచ్చాక పరిస్థితి చాలా మారింది. అయినా కొన్నిటికి అది ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. రెండు చక్రాలకీ ఉన్నదే అడగండి, అందుకోసం రంగు వదులుకోవాల్సి వచ్చినా సరే.

మన పిల్లల్లో చాలామందికి "ముందు బ్రేకు పడితే పల్టీ కొడతావు" అని చెప్పి నేర్పారు. వాళ్ల పాదం వెనక బ్రేకు మీదికే పోతుంది. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. హఠాత్తుగా గుంజకుండా, వేళ్లతో పిండినట్టు పట్టాలి. అరవైలో వెళ్తుంటే, గేదె కనబడి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లే ఒక్క సెకనులోనే బండి పదహారు మీటర్లు దాటుతుంది. వందలో అయితే ఇరవై ఎనిమిది. ఆపైన ఆగడానికి పట్టే దూరం అరవైకీ వందకీ మధ్య దాదాపు మూడింతలవుతుంది.

"ఓఆర్ఆర్ మీద వెళ్తే తెలుస్తుంది మామయ్యా దీని సంగతి" అన్నాడు మావాడు 390 దగ్గర నిలబడి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలను రానివ్వరు. వాడు రోజూ తిరిగేది ఉప్పల్ నుంచి మాదాపూర్. మే నెలలో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే ఇంజన్ వేడి తొడలకి తగులుతుంది. అక్కడ కావాల్సింది తక్కువ వేగంలో ఉలిక్కిపడకుండా లాగే బండి. ఎప్పుడైనా శ్రీశైలం పోతే, దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అక్కడ ఇరవై హార్స్ పవర్ తక్కువేమీ కాదు.

డబ్బు మాట క్లుప్తంగా. నెల వాయిదా లెక్క వేసేటప్పుడే హెల్మెట్, చేతొడుగులు, మోకాళ్ల గార్డులున్న ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు కూడా ఆ లెక్కలో కలపాలి. వాటికి మిగలకపోతే బండి ఒక మెట్టు కిందిది చూసుకోవాలి. హెల్మెట్ మీద ఐఎస్ 4151 గుర్తు ఉండాలి, అది తలకి బిగుతుగా పట్టాలి. రెండేళ్లు వాడిన 350 మంచిది దొరికితే నేను కొత్తదాని కన్నా దానికే ఓటేస్తాను. నేర్చుకునే రోజుల్లో ఒక్కసారైనా ఒరగడం ఖాయం. గీత పడ్డ ట్యాంకుని చూసి బాధపడేవాడు ఆ రోజే నడపడం మానేస్తాడు.

మధ్యాహ్నం వాడి స్నేహితుడి 350 అడిగి తీసుకుని వాళ్ల కాలనీ స్కూలు మైదానానికి వెళ్లాం. రెండు ఇటుకలు పెట్టి ఎనిమిది వెయ్యమన్నాను. క్లచ్చు సగం పట్టి, వెనక బ్రేకు మీద పాదం సుతారంగా ఆనించి, చూపు ఇటుక మీద కాక తిరగాల్సిన వైపు ఉంచి. నాగోలులో ఒక్కసారికే వేసినవాడు మొదటి చుట్టులో రెండు చోట్ల కాలు పెట్టాడు. రెండో చుట్టులో ఇంజన్ ఆగిపోయింది. నేను వెళ్లే రైలు టైమయ్యేదాకా వేస్తూనే ఉన్నాడు, ఒక్క చుట్టూ పూర్తి కాలేదు.

బండి ఇంకా కొనలేదు. రాత్రి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం కూడా ఆ 350 ఇస్తానని స్నేహితుడు అన్నట్టు చెప్పాడు. ఇటుకలు అక్కడే గోడ పక్కన దాచి వచ్చాడట.