పంజరానికి కాస్త చీకటి

ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా ఎక్కడ పెడితే బాగుంటుందా అని చూస్తాం. పిల్లల పోరు పడలేక కొన్న పిట్టల పంజరం విషయంలోనూ అదే చేస్తున్నాం. వచ్చేపోయే వాళ్ళ కళ్ళబడేలా హాల్లో, టీవీ పక్కన వేలాడదీస్తాం. అది వస్తువు కాదనీ, దానికీ ఓ నిద్రవేళ ఉంటుందనీ ఎందరికి తడుతుంది?

మనం 'లవ్ బర్డ్స్' అని పిలుచుకునే పచ్చ, నీలం పిట్టల్లో చాలా భాగం నిజానికి బడ్జరిగార్లు. ఆస్ట్రేలియా ఎండు మైదానాలు వాటి పుట్టిల్లు. 1840లో జాన్ గౌల్డ్ ఇంగ్లండుకు తీసుకెళ్ళాక పంజరం పక్షులయ్యాయి. (మన రామచిలుక సంగతి వేరు. దాన్ని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.) పొద్దుగూకితే నిద్ర, తెల్లవారితే మేత, ఇదీ వాటి లెక్క. రోజుకు పది, పన్నెండు గంటలైనా చీకటీ, నిశ్శబ్దమూ కావాలి. మన హాల్లో అంత చీకటెక్కడిది? సీరియళ్ళయ్యాక ఆయనగారి వార్తలు, అవయ్యాక అబ్బాయి క్రికెట్టు. పన్నెండింటికి ఆరిన లైటు అయిదింటికి పాలప్యాకెట్ల కోసం మళ్ళీ వెలుగుతుంది.

"దానికేం, పగలంతా కునుకుతూనే ఉంటుందిగా" అంటారు. కోళ్ళ ఫారాల వాళ్ళనడగండి, వెలుతురు సంగతి చెబుతారు. గుడ్లు ఎక్కువ రావాలని అక్కడ రోజుకు పదహారు గంటల దాకా వెలుతురిస్తారు. మనం తెలియకుండా హాల్లో చేస్తున్నదీ అదే. పగలు సాగేకొద్దీ, తిండి పుష్కలంగా ఉండేకొద్దీ ఇది గుడ్లు పెట్టే కాలమని ఆడపిట్ట ఒళ్ళు అనుకుంటుంది. జత లేకపోయినా సరే, గుడ్డు మీద గుడ్డు పెట్టగలదు. ఒంట్లో కాల్షియం హరించుకుపోయి, చివరికి గుడ్డు అడ్డంపడి ప్రాణం మీదికొస్తుంది. కాన్పుల మీద కాన్పులతో ఒళ్ళు గుల్లయిన ఆడవాళ్ళను చూసిన మనకి ఇది వేరే చెప్పాలా?

వంటింట్లో పెడదామా అంటే అది మరీ ప్రమాదం. నాన్‌స్టిక్ పెనం మాడేంతగా వేడెక్కితే వచ్చే పొగ మనకంతగా తెలియకపోయినా, పిట్టను నిమిషాల్లో చంపేయగలదు. బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1980ల దాకా బ్రిటన్‌లో కెనరీ పిట్టల్ని వాడారంటే వాటి ఊపిరి ఎంత సున్నితమో చూడండి. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ కూడా దరిచేరకూడదు. ఇక బాల్కనీలో ఎండదెబ్బ, కాకులు, పిల్లులు. కాబట్టి పొద్దుటెండ పక్కనుంచి వచ్చే గదిలో, ఓ వైపు గోడ ఆసరాగా, మన కళ్ళ ఎత్తున పంజరం ఉండాలి. ఎండ తగిలినా సగం పంజరం నీడలో ఉండాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పిట్టకు డి విటమిన్ ఇవ్వదు, వేడి మాత్రమే ఇస్తుంది. రాత్రి గాలాడే నూలుగుడ్డ కప్పొచ్చు. అయితే గుడ్డ వెలుతురును ఆపుతుంది గానీ టీవీ గోలను ఆపదు.

ఇవన్నీ చెబితే చివరికి ఆ గుడ్డ కప్పే పని కూడా ఇల్లాలి ఖాతాలోనే పడుతుందని నా భయం. అలా పడనివ్వకండి. ముచ్చటపడి ఎవరు తెచ్చారో వాళ్ళే రాత్రి ఎనిమిదింటికి పంజరాన్ని చీకటి గదిలోకి మార్చాలి, పొద్దున్నే నీళ్ళు మార్చాలి. అలాంటి గది లేదా? అయితే ఆ వేళకి హాల్లో లైటూ టీవీ ఆపండి. అదీ కుదరదంటే పిట్టను తేకండి. గింజలు పోసినంత మాత్రాన పెంచినట్టు కాదు.

పిట్ట కోసం లైటార్పడమా అని నవ్వేవాళ్ళని ఒక్క మాటడుగుతాను. చాలా ఇళ్ళలో ఆ హాల్లోనే దివాన్ మీద ఓ పెద్దావిడ పడుకుంటుంది. అందరూ టీవీ చూడటం అయ్యేదాకా కొంగు కళ్ళకడ్డం వేసుకుని పడుకునే ఆ అత్తగారినో, అమ్మనో "మీకు వెలుతురు ఇబ్బందిగా ఉందా?" అని ఎప్పుడైనా అడిగారా? పిట్టలాగే ఆవిడా నోరు విప్పి అడగదు. పిట్ట పుణ్యమాని ఆవిడకీ ఓ రెండు గంటల నిద్ర దక్కితే మంచిదేగా! ఏమంటారు?