నొక్కితే పలికిన ఆట

సీక్వెల్ అనగానే మనకి ఒక లెక్క ఉంది. మొదటి దానికంటే బడ్జెట్ ఎక్కువ, నిడివి ఎక్కువ, ఫైట్లు ఎక్కువ, ఒక విలన్ ఉన్నచోట ఇద్దరు. సినిమాలకే కాదు, మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకీ ఇదే లెక్క. సీనియర్ల ప్రాజెక్టు తీసుకుని, ఇంకో నాలుగు ఫీచర్లు తగిలించి, పీపీటీలో "వెర్షన్ 2" అని రాసేస్తాం. లాగిన్ పేజీ తెరుచుకోవడానికి అర నిమిషం పడుతున్నా దాన్ని ఎవరూ ముట్టుకోరు. డార్క్ మోడ్ మాత్రం వచ్చేస్తుంది.

ఈ లెక్క తప్పని నా వాదన. సాక్షిగా మనం పుట్టకముందు వచ్చిన ఒక ఆర్కేడ్ గేమ్‌ని పిలుస్తున్నాను. అది స్ట్రీట్ ఫైటర్ 2. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1991లో విడుదల చేసింది. దాని గురించి మాట్లాడేవాళ్లు ఎనిమిది మంది ఫైటర్ల గురించి, పెద్ద పెద్ద బొమ్మల గురించి, యోకో షిమోమురా సంగీతం గురించి చెబుతారు. అన్నీ నిజమే, ఆ సంగీతమైతే ఇప్పటికీ నా ప్లేలిస్టులో ఉంది. కానీ అసలు మార్పు అక్కడ జరగలేదు. ఆడేవాడి చేతికీ, తెరమీది బొమ్మకీ మధ్య జరిగింది.

"2" ఉంటే "1" ఉండాలి కదా, అదేదీ అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఉంది. 1987లో వచ్చింది. తకాషి నిషియామా దర్శకుడు. ఒక్కరే ఆడితే మీరు ర్యూ. పక్కన రెండో మనిషి నిలబడితే అతను కెన్. ఇంకెవరినీ ఎంచుకునే వీల్లేదు. పైగా ర్యూకీ కెన్‌కీ ఆటలో తేడా ఏమీ లేదు, పైపై వేషం తప్ప. జపాన్, అమెరికా, ఇంగ్లండ్, చైనా తిరిగి, చివరికి థాయిలాండ్‌లో సాగత్‌ని కొట్టాలి. దారిలో ఎదురయ్యేవాళ్లు మొత్తం పది మంది.

ఆ మెషిన్ గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఒక రకం మెషిన్లలో పంచ్‌కి ఒకటి, కిక్‌కి ఒకటి చొప్పున రెండు పెద్ద మెత్తటి దిమ్మలు ఉండేవి. మీరు ఎంత గట్టిగా బాదితే తెరమీద అంత గట్టి దెబ్బ. సెన్సర్ల సబ్జెక్టు చదివినవాళ్లకి వినగానే భలే ఐడియా అనిపిస్తుంది. కానీ మనిషి చెయ్యి తూకపు రాయి కాదు కదా. పది నిమిషాలు బాదితే అరచెయ్యి నొప్పి పుడుతుంది, మధ్యరకం దెబ్బ కావాలంటే సరిగ్గా ఎంత బలంతో కొట్టాలో తెలీదు. ఇంకో రకం మెషిన్‌లో దిమ్మల బదులు ఆరు బటన్లు పెట్టారు: పంచ్‌కి మూడు, కిక్‌కి మూడు. చిన్న దెబ్బ, మధ్యరకం, పెద్ద దెబ్బ. చివరికి నిలిచింది ఆ ఆరు బటన్లే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ర్యూ, కెన్, సాగత్, హడోకెన్, షోర్యుకెన్, ఆరు బటన్లు, రౌండ్లు, దేశదేశాలు తిరగడం... రెండో భాగానికి పేరు తెచ్చినవాటిలో చాలా సరుకు మొదటి భాగంలోనే ఉంది. ఒకే కొట్లో కొన్న పప్పూ చింతపండే. మరి ఒకటి మరుగున పడి, ఇంకోటి ప్రపంచమంతా ఎందుకు ఆడారు?

హడోకెన్ ఒక్కటి తీసుకుందాం. జాయ్‌స్టిక్ కిందికి, అక్కణ్నుంచి ఏటవాలుగా, ఆపైన ముందుకి తిప్పి పంచ్ నొక్కాలి. ఇది రెండు భాగాల్లోనూ అంతే. మొదటి భాగంలో దీన్ని రహస్య విద్యలా దాచిపెట్టారు. తెలిసినా పడేది కాదు. టైమింగ్ అంత కచ్చితంగా ఉండాలి. పదిసార్లు తిప్పితే ఒకసారో రెండుసార్లో పడుతుంది, ఎందుకు పడిందో మీకే తెలీదు. పడితే మాత్రం దెబ్బ భయంకరం, రెండు మూడు తగిలితే అవతలివాడి పని అయిపోతుంది. అంటే ఆ ఆటలో గెలుపు లాటరీ టికెట్ లాంటిది.

క్యాప్‌కామ్ వాళ్లు పాత వెర్షన్లన్నీ కలిపి 2018లో ఒక సంకలనంగా తెచ్చారు. అందులో రెండూ ఉన్నాయి కాబట్టి ఎవరైనా సరిపోల్చుకోవచ్చు. మా వింగ్‌లో మేం చేసింది అదే. ఒకే ల్యాప్‌టాప్, ఒకే కీబోర్డు, ఇద్దరు మనుషులు. ఇలా ఆడినవాళ్లకి ఒక బాధ తెలుసు: ఇద్దరూ కలిసి మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే, ఏదో ఒక కీ పలకదు. అది కీబోర్డు లోపలి వైరింగ్ గొడవ. "నేను నొక్కానురా!" "నొక్కలేదు!" అని రాత్రి ఒంటిగంటకి అరుపులు. ఓడిపోయినందుకు కాదు ఆ కోపం. నొక్కింది లెక్కలోకి రానందుకు. చివరికి చందా వేసుకుని రెండు కంట్రోలర్లు కొన్నాం. రెండో భాగంలో ఆ గొడవ ఆ రోజే ఆగింది. మొదటి భాగం పెడితే మాత్రం కంట్రోలర్‌తో కూడా అదే అరుపు. అక్కడ పలకనిది వైరు కాదు, ఆటే.

అకిరా నిషితాని, అకిరా యసుదా రూపకల్పన చేసిన రెండో భాగం ఈ ఒక్కచోట చెయ్యి పెట్టింది. అదే తిప్పుడు, కానీ వేలు కాస్త అటూ ఇటూ అయినా, పంచ్ ఒక్క క్షణం ముందో వెనకో పడినా, "వీడు హడోకెన్ అడుగుతున్నాడు" అని ప్రోగ్రామ్ అర్థం చేసుకుంటుంది. సెకనుకి సుమారు 60 ఫ్రేములు నడిచే ఆటలో కొన్ని ఫ్రేముల ఓర్పు. అంతే. దానికి బదులుగా దెబ్బ బలం తగ్గించారు. అరుదుగా పడే బ్రహ్మాస్త్రం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసే బాణం అయింది. ఇక ప్రశ్న "పడుతుందా" అని కాదు, "ఇప్పుడు వెయ్యాలా వద్దా" అని. ఎందుకంటే తొందరపడి వేస్తే అవతలివాడు దాని మీదుగా దూకి వచ్చి నెత్తిన తంతాడు. అలా ఆలోచన మొదలైంది.

ఈ ఓర్పుతో పాటు వచ్చిందే "క్యాన్సిల్". ర్యూ వంగి ఒక కిక్ కొట్టాడనుకోండి. ఆ కిక్ తగిలిన క్షణంలో హడోకెన్ తిప్పితే, కాలు వెనక్కి రావాల్సిన భాగం ఎగిరిపోయి సూటిగా హడోకెన్ బయల్దేరుతుంది. అవతలివాడు ఇంకా మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగులుతుంది. దీన్నే ఇవాళ ప్రతి ఫైటింగ్ గేమ్‌లోనూ కాంబో అంటున్నాం. తమాషా ఏంటంటే, ఇది ఎవరూ ప్లాన్ చేసి పెట్టింది కాదు. కారుని పగలగొట్టే బోనస్ రౌండ్‌లో బగ్‌లు వెతుకుతుంటే, దెబ్బల మధ్య అదనపు దెబ్బలు పడుతున్నాయని నొరితాకా ఫునమిజు గమనించాడు. టైమింగ్ మరీ కష్టం, ఎవరూ వాడలేరులే అని అలా ఉంచేశారు. జనం వాడేశారు. రెండేళ్ల తర్వాత వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2లో తెరమీద కాంబోల లెక్క కూడా చూపించారు. వైవాలో ఎవరైనా "ఇది బగ్ కదా" అంటే ఫునమిజు పేరు చెప్పండి. మార్కులకి మాత్రం నేను హామీ ఇవ్వను.

ఎనిమిది మంది ఫైటర్ల సంగతికొద్దాం. సంఖ్య గొప్ప కాదు, ఎనిమిది మందిని ఎనిమిది రకాలుగా ఆడాలి, అదీ గొప్ప. సాహిత్యం క్లబ్ కదా, మన భాషలో చెప్పాలంటే పాత్రచిత్రణ. గైల్ అనే అమెరికా సైనికుడున్నాడు. అతని సోనిక్ బూమ్ పడాలంటే జాయ్‌స్టిక్‌ని కాసేపు వెనక్కి పట్టి ఉంచి, ఆ తర్వాత ముందుకి తోసి పంచ్ కొట్టాలి. వెనక్కి పట్టడమంటే ఈ ఆటలో దెబ్బ కాచుకోవడం. అంటే గైల్‌ని ఆడేవాడు కాచుకుంటూ, ఓపిగ్గా, అదను కోసం కూర్చోవాల్సిందే. రష్యా మల్లుడు జాంగీఫ్ గిర్రున తిప్పి నేలకేసి కొట్టాలంటే జాయ్‌స్టిక్‌ని గుండ్రంగా మొత్తం తిప్పాలి, అదీ శత్రువు పక్కనే ఉన్నప్పుడు. చున్-లీ మెరుపు కాళ్లకి కిక్ బటన్‌ని టకటకా కొడుతూనే ఉండాలి. కథ చదవక్కర్లేదు. ఎవడు ఎలాంటివాడో మీ మణికట్టుకే తెలిసిపోతుంది. ఎనిమిది పేజీల బ్యాక్‌స్టోరీ రాసే ఇప్పటి గేముల్లో నాకు ఇది దొరకట్లేదు.

మరి మనవాడు? ధల్సిమ్. ఎనిమిది మందిలో ఒక్క భారతీయుడు. మెడలో పుర్రెల దండ, బక్క ఒళ్లు, నోట్లోంచి "యోగా ఫైర్" అంటూ మంట, సాగే చేతులు, వెనకాల ఏనుగులు. ఇండియా అంటే బయటివాళ్లు ఏమేం అనుకుంటారో అన్నీ ఒకే గంపలో పోశారు. నాకు నచ్చలేదు, నచ్చిందని చెప్పను. కానీ అదే పాత్రని ఆటగా చూస్తే, ఎనిమిది మందిలో అంత కొత్త ఆలోచన ఇంకోటి లేదు. నెమ్మదిగా కదులుతాడు, కానీ తెర సగం దాటి గుద్దగలడు. దూరమే అతని ఆయుధం. బొమ్మ గీసినవాళ్లు మూసలో పడ్డారు గానీ, ఆట గీసినవాళ్లు పడలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది మింగేస్తే అన్యాయం.

ఎదుటి మనిషి గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. మొదటి భాగంలో ఇద్దరు ఆడినా ర్యూ మీద కెన్, అంటే అద్దంతో కుస్తీ. రెండో భాగంలో జాంగీఫ్ మీద ధల్సిమ్ ఒక కథ, ధల్సిమ్ మీద గైల్ ఇంకో కథ. అందుకే అమెరికా ఆర్కేడ్లలో తర్వాతి వంతు నాది అని మెషిన్ అంచు మీద నాణెం పెట్టి నిలబడేవారు. కంప్యూటర్‌ని ఓడించడానికి అలా ఎవరూ నిలబడరు. ఇంట్లో ఆడుకునే సూపర్ నింటెండో వెర్షన్ ఒక్కటే 63 లక్షల కాపీలు అమ్ముడైంది.

లోపాలు లేవా అంటే, బోలెడు. తొలి వెర్షన్‌లో గైల్ మరీ బలవంతుడు. అతనితో చెయ్యగలిగే బగ్‌లు కొన్ని అవతలివాణ్ని దూరం నుంచే విసిరేస్తాయి, ఇంకొకటైతే మెషిన్‌నే రీసెట్ చేస్తుంది. ఇద్దరూ ఒకే పాత్ర తీసుకునే వీలుండేది కాదు. ఇవన్నీ 1992లో వచ్చిన ఛాంపియన్ ఎడిషన్ నుంచి ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చారు. ఆ ఏడాది చివర్లో హైపర్ ఫైటింగ్ వచ్చింది, స్పీడు పెంచి. దాని వెనక కారణం భలేగా ఉంటుంది. రెయిన్‌బో ఎడిషన్ లాంటి దొంగ వెర్షన్లు ఆటని పిచ్చి స్పీడులో నడిపిస్తుంటే జనం వాటికి ఎగబడ్డారు. అసలు కంపెనీ నకిలీని చూసి నేర్చుకుంది. మన ప్రాజెక్టు కాపీ కొట్టిన జూనియర్‌ని చూసి మనం నేర్చుకున్నట్టు.

సాహిత్యం క్లబ్ పేరు చెప్పుకుని ఒక అనువాదం కథ కూడా చెప్పేస్తాను. ఓడినవాడితో ర్యూ జపనీస్‌లో అనే మాటకి అర్థం, నా షోర్యుకెన్‌ని దాటలేకపోతే నువ్వు గెలవలేవని. ఆ దెబ్బ పేరులోని అక్షరాలని ఇంగ్లీషులోకి మార్చినవాళ్లు చైనా ఉచ్చారణలో "షెంగ్ లాంగ్" అని చదివారు. దాంతో అది ఎవరో మనిషి పేరులా తయారైంది. ఎవరీ షెంగ్ లాంగ్ అని అమెరికాలో పిల్లలు తల బద్దలు కొట్టుకుంటుంటే, 1992 ఏప్రిల్‌లో ఒక గేమ్ పత్రిక అతన్ని బయటికి రప్పించే మార్గం ఇదీ అని ఏప్రిల్ ఫూల్ వేసింది. ఎంతమంది నమ్మి నాణేలు తగలేశారో. 1994లో వచ్చిన సూపర్ టర్బోలో అకూమా అనే రహస్య విలన్ నిజంగానే ఊడిపడ్డాడు. అతన్ని చూసినప్పుడల్లా నాకు ఆ తప్పు అనువాదమే గుర్తొస్తుంది.

మొదటి భాగం దర్శకుడు నిషియామా ఏమయ్యాడంటే, ఎస్ఎన్‌కే అనే పోటీ కంపెనీకి వెళ్లిపోయి, 1991లోనే ఫేటల్ ఫ్యూరీ తీశాడు. అంటే ఒకే ఏడాది ఒకే ఆటకి ఇద్దరు వారసులు. అది కూడా మంచి ఆటే. దాని గురించి రాయమంటే వచ్చే సంచికలో రాస్తాను, ఎడిటర్ ఒప్పుకుంటే.

ఈలోగా ఎవరికైనా ఆడాలనుంటే నా సలహా ఒకటే. సరాసరి రెండోదానికి పోకండి. ముందు ఒక అరగంట మొదటిది పెట్టి హడోకెన్ వెయ్యడానికి ప్రయత్నించండి. విసుగొచ్చాక రెండోది తెరవండి. వెర్షన్ అడిగితే హైపర్ ఫైటింగ్ తీసుకోండి, సూపర్ టర్బో కొత్తవాళ్లకి కాస్త కర్కశం. మొదటి రోజు గైల్ జోలికి మాత్రం పోకండి, పక్కవాళ్లు తిడతారు.