ఫైరింజన్ దారిలో ఉండగా ఊళ్లో ఏం జరగాలి?

రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 పనుల జాబితా ఉంది. అందులో ఏడోది అగ్నిమాపక సేవ. పంచాయతీల కోసం రాసిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. చేపల పెంపకం ఉంది, గ్రంథాలయాలున్నాయి, సంతలూ జాతరలూ ఉన్నాయి. మంటలు ఆర్పడం మాత్రం లేదు. 1992లో ఆ జాబితాలు రాసినవాళ్లు పల్లెల్లో ఇళ్లు కాలవనుకున్నారని కాదు. నిప్పు ఆర్పడమంటే ఎర్ర బండి, సైరను, యూనిఫాం వేసుకున్న సిబ్బంది అన్న ఊహ బలంగా ఉంది. ఆ బండి ఉండేది పట్టణంలోనే.

మన రాష్ట్రంలో ఈ పని మున్సిపాలిటీల చేతిలోనూ లేదు. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద రాష్ట్ర శాఖే నడుపుతోంది. గుంటూరు జిల్లా పొన్నూరు పట్టణమైనా, దాని చుట్టూ ఉన్న పల్లెలైనా ఫోను చేయాల్సింది 101కే. కాగితం మీద ఇద్దరూ సమానమే. దూరం దగ్గరే లెక్క మారిపోతుంది.

ఫోను అందుకున్నాక పట్టణంలో అయిదు నుంచి ఏడు నిమిషాల్లో, పల్లెలో 20 నిమిషాల్లో బండి చేరాలని కేంద్ర హోంశాఖ పరిధిలోని స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ ఎప్పుడో ప్రమాణం పెట్టింది. సిబ్బంది ఎక్కి బండి కదలడానికి మూడు నిమిషాలు తీసేద్దాం. మిగిలిన 17 నిమిషాల్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయినా పదకొండున్నర కిలోమీటర్లు దాటదు. కాలువ కట్ట మీద ఆ వేగం కుదరదు. ఊళ్లోకి వచ్చాక రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, అడ్డంగా నిలిపిన ట్రాక్టరు ట్రక్కు, చేతికందే ఎత్తులో వేలాడే కరెంటు తీగ ఉంటాయి. ఇన్నీ దాటుకుని 20 నిమిషాలకే వచ్చిందనుకున్నా, మే నెల పడమటి గాలిలో తాటాకు కప్పుకు 20 నిమిషాలు చాలా ఎక్కువ. ఈ ప్రమాణం అందుకోవడానికి స్టేషన్లు పెంచాలన్న వాదన న్యాయమైనదే. కానీ ప్రమాణం అందినా ఇల్లు దక్కదు. ఆ సంగతి మన చర్చల్లోకి రావడం లేదు.

పొన్నూరు దగ్గర ఈ సమస్యకు రెండు ముఖాలున్నాయి. తూర్పున కృష్ణా పశ్చిమ డెల్టా. కాలువలు, వరి, దాని వెనక మినుము. పడమటికి కాకుమాను, పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు పోతే నల్లరేగడి. మిరప, పత్తి, పొగాకు. అటు నీళ్లు దొరకవు, ఇటు నీళ్లుంటాయి గదా అనుకుంటాం. డెల్టాలో కాలువలు కట్టేసేది సరిగ్గా ఎండాకాలంలోనే. మళ్లీ జూన్‌లో గానీ వదలరు. అంటే నిప్పు ఎక్కువగా రేగే రెండు నెలలూ కాలువ ఎండే ఉంటుంది. ఊళ్లో మిగిలేది మంచినీళ్ల చెరువు. కాలువ మూయకముందే నింపుకున్న ఆ నీళ్లు మనుషులు తాగడానికే అంతంత మాత్రం. ఫైరింజన్ తెచ్చే నీళ్లు మామూలుగా నాలుగున్నర వేల లీటర్లు. పూర్తి ఒత్తిడితో వదిలితే కొద్ది నిమిషాలకే అయిపోతాయి. తర్వాత ఆ బండి నీళ్లెక్కడ నింపుకోవాలో ముందే తేల్చుకున్న ఊరు చాలా అరుదు.

కాలేవన్నీ ఒక్క తీరుగా కాలవు. గడ్డివాము అంటుకుంటే దాన్ని ఆర్పాలని పోయేవాడికి అనుభవం లేదనే లెక్క. పైన తడిపినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. పాత తరం ఆ వామును వదిలేసి పక్క వాము మీద, పక్క కప్పు మీద నీళ్లు కొట్టేది. గాలి వాలున ఉన్న పాక కప్పును కొక్కేలేసి లాగి పడేసేది. ఆ కొక్కెం కర్రలు ఇప్పుడు ఏ ఇంట్లోనూ కనిపించవు. పత్తి ఇంకో రకం. పచ్చి పత్తి పోగుకు సహజంగా మైనపు పొర ఉంటుంది, నీళ్లు దాని మీద నుంచి జారిపోతాయి. ఇంట్లో గది నిండా పోసిన పత్తికి నిప్పు తగిలితే బకెట్లతో నీళ్లు గుమ్మరించి, ఆరిందనుకుని నిద్రపోయాక, తెల్లవారుజామున మళ్లీ లేస్తుంది. నీళ్లలో కాస్త సర్ఫు కలిపితే లోపలికి దిగుతాయి. మందు ఆకుకు పట్టాలని పిచికారీలో సర్ఫు కలిపే రైతుకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

మిరప సంగతి వేరే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో ఎర్రగా పరుచుకున్న కాయ అంటే ఆ రైతు ఏడాది మొత్తం పెట్టుబడి, అప్పు, ఆశ ఒక్కచోట ఆరబోసి ఉన్నట్టు. పక్క పొలంలో మోళ్లు తగలబెడితే ఎగిరొచ్చిన రవ్వ చాలు, పైన కప్పిన పట్టా మొదట కరుగుతుంది. మిరప పొగలోకి మామూలు మనిషి పోలేడు. కళ్లు మూసుకుపోతాయి, ఊపిరి ఆడదు. గాలి సిలిండరు వీపున కట్టుకున్న అగ్నిమాపక సిబ్బంది మాత్రమే దగ్గరికి పోగలరు. 2008లో గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) కాలినప్పుడైనా, 2024 ఆరంభంలో దుగ్గిరాల శీతల గిడ్డంగిలో పసుపు కాలినప్పుడైనా అది ఊరివాళ్లు పగ్గం వేయగల నిప్పు కాదు. పడమటి పల్లెల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఇంకో ఉదాహరణ. కర్రకు కట్టిన ఆకు ఊడి, కాలుతున్న గొట్టం మీద పడితే చాలు. బ్యారన్ నిండా ఆరిన ఆకే గనక కొన్ని నిమిషాల్లో అంతా అయిపోతుంది. అక్కడ ఆర్పే సామగ్రి గురించి మాట్లాడటం కంటే గొట్టం పైన ఇనుప వల వేయడం గురించి మాట్లాడటం మేలు.

కాలిపోయాక దక్కేదేమిటో కూడా చూద్దాం. విపత్తు సహాయ నిధి ఇచ్చే జాబితాలో తుపాను, వరదలతో పాటు అగ్నిప్రమాదమూ ఉంది. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం కాలిన గుడిసెకు ఇచ్చేది 8,000 రూపాయలు. తాటాకు, వెదుళ్లు, కూలీ కలిపితే కప్పు కూడా పూర్తి కాదు. ఫసల్ బీమా చేలో నిలబడి ఉన్న పైరు పిడుగుకో సహజంగా రేగిన నిప్పుకో పోతే లెక్కలోకి తీసుకుంటుంది. కోసి ఆరబెట్టిన పంటకు పద్నాలుగు రోజుల రక్షణ ఉంది గానీ అది వడగళ్లకు, తుపానుకు, అకాల వర్షాలకు. కల్లంలో కాయ మీద వాన పడితే బీమా మాట ఎత్తవచ్చు, నిప్పు పడితే ఎత్తడానికి లేదు. ఈ విషయంలో 1860 నాటి తెల్లవాడి శిక్షాస్మృతికే పల్లె గురించి ఎక్కువ తెలుసనిపిస్తుంది. నిప్పుపెట్టి ఆస్తి నష్టం చేసే నేరానికి దాని 435వ సెక్షను వంద రూపాయల నష్టం కొలత పెట్టి, పంట విషయంలో మాత్రం పది రూపాయలు చాలంది. కక్షతో కుప్పలు తగలబెట్టడం ఎంత తేలికో, ఆ నష్టం ఎంత లోతైనదో ఎరిగిన రాత అది.

ఇక సామగ్రి. ఊళ్లకు అగ్నిమాపక పరికరాలివ్వాలనగానే అధికారులకు తోచేది గోడకు తగిలించే ఎర్ర సిలిండరు. సచివాలయానికి రెండు, బడికి రెండు. కంప్యూటరు గదికి, వంటగదికి అది పనికొస్తుంది, కాదనను. పాక కప్పు ముందు అది ఉఫ్ అని ఊదడంతో సమానం. పొడి చల్లితే మంట పడిపోతుంది గానీ కప్పులోని నిప్పుకణాలు మళ్లీ రాజుకుంటాయి. పైగా మన కార్యాలయాల్లో ఆ సిలిండర్ల మీద అతికించిన చీటీలో గడువు తేదీ చూస్తే చాలు, వాటి గతి అర్థమవుతుంది. రోజూ వాడని పరికరం పల్లెలో బతకదు. బ్యాటరీ దిగిపోతుంది, రబ్బరు పగులుతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు.

అందుకని ఊరికి కావలసింది నిప్పు కోసం దాచిపెట్టిన యంత్రం కాదు, ఇతర పనులకు నిత్యం తిరిగే యంత్రాన్నే నిప్పుకూ పనికొచ్చేలా చేయడం. ఆ యంత్రాలు మన ఊళ్లలో కావలసినన్ని ఉన్నాయి. వేసవిలో మంచినీళ్లు తోలే ట్రాక్టరు ట్యాంకరు ఉంది. కాలువ నుంచి చేలోకి నీళ్లెత్తే అయిదు హెచ్‌పీ ఆయిల్ ఇంజన్ ఉంది, నిమిషానికి కొన్ని వందల లీటర్లు తోడుతుంది. మిరప చేలో వీపున మోసే తైవాన్ పంపులు ఇంటింటికీ ఉన్నాయి. లేనివి చిన్నవి: ట్యాంకరు మీద ఇంజన్ బిగించే చట్రం, వంద అడుగుల మంచి పైపు, మూతి దగ్గర ధారను మంచులా విడగొట్టే నాజిల్. అన్నిటికంటే ముఖ్యం, ఫైరింజన్ పైపుకు సరిపోయే కప్లింగు. ఫైర్ శాఖ వాడేది 63 మిల్లీమీటర్ల కప్లింగు, రైతు వాడేది దుకాణంలో దొరికిన సైజు. ఇవి రెండూ కలవకపోతే పక్కనే ఊరి ట్యాంకరు నిండుగా ఉన్నా ఫైరింజన్‌కు ఆ నీళ్లు అందవు. ఓ ట్యాంకరుకు ఓ కప్లింగు వెల్డింగు చేయించడం ఏ పంచాయతీకీ భారం కాదు.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవీ కావు. అవసరమైన వేళకు ట్యాంకరు పొలంలో ఉండవచ్చు. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా రాత్రిళ్లు అది నిండుగా ఊళ్లోనే ఉండాలన్న కట్టుబాటు కావాలి. తైవాన్ పంపులో పురుగుమందు మిగిలి ఉంటే మంట మీద అది విషపు పొగ అవుతుంది, కొన్ని మందుల్లోని ద్రావకం అంటుకుంటుంది కూడా. నిప్పుకు వాడే పంపు వేరుగా, మందు తగలకుండా ఉండి తీరాలి. కరెంటు తీగ తెగిపడిన చోట నీళ్లు కొట్టినవాడే ముందు పోతాడు. 101 కంటే ముందు లైన్‌మన్‌కో, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కో ఫోను వెళ్లి, లైను తీసేశాకే పైపు విప్పాలి. ఇంట్లో గ్యాసు బండ ఉంటే జనం దూరంగా జరగడమే పని. ఇవన్నీ చెప్పి నేర్పకుండా పైపు చేతికిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. దేశంలో 2022లో అగ్నిప్రమాదాల్లో 7,435 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక. అందులో సగానికి పైగా ఇళ్లలోనే. ఆ లెక్కకు ఉత్సాహవంతులైన ఊరి కుర్రాళ్లను కలపకూడదు.

నేర్పడం అనగానే జపాన్ గుర్తొస్తుంది. అక్కడ పల్లెల్లో తొలి బాధ్యత షోబోదాన్ అనే స్థానిక దళాలది. దుకాణదారులు, రైతులు, గుమాస్తాలు అందులో సభ్యులు. ఇద్దరు మోయగల పంపును చిన్న సరకు బండి మీద పెట్టుకుని ఇరుకు సందుల్లోకి పోతారు. 2022లో వాళ్ల సంఖ్య 8 లక్షల కిందికి దిగితే ఆ దేశం కంగారుపడింది. మనకు కంగారుపడటానికి అసలు సంఖ్యే లేదు. రోడ్డు కూడా లేని అలాస్కా మారుమూల పల్లెలకు 'ప్రాజెక్ట్ కోడ్ రెడ్' పేరుతో నురగ చిమ్మే చిన్న యంత్రాలను కంటెయినర్లలో పంపారు. తక్కువ నీళ్లతో ఎక్కువ మంట ఆర్పాలన్న ఆలోచన అది. కాలువ ఎండిన మన ఊరికీ ఆ ఆలోచన వర్తిస్తుంది. ఆ యంత్రం మాత్రం ఇక్కడ సరిపోదు. విడిభాగం పాడైతే పొన్నూరులో బాగుచేసే మెకానిక్ ఉండడు. ఆయిల్ ఇంజన్‌కైతే ప్రతి ఊళ్లోనూ ఉంటాడు.

డబ్బు లేదన్న మాట నేను ఒప్పుకోను. అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 2023 జులైలో కేంద్రం 5,000 కోట్ల పథకం మొదలుపెట్టింది. మనలాంటి రాష్ట్రాలు తమ వాటాగా పాతిక శాతం పెట్టుకోవాలి. అలాంటి డబ్బు సహజంగా నగరాలకు, ఎత్తయిన భవనాలకు నిచ్చెనలుగా మారుతుంది. అందులో పల్లె ట్యాంకర్లకు ఒక పద్దు అడిగే గొంతు ఏది? పంచాయతీలకు 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం నీటికీ పారిశుధ్యానికీ కట్టేసి, 40 శాతం స్థానిక అవసరాలకు విడిచిపెట్టింది. ఆ 40 శాతం ముందు పైపు, నాజిల్ ఖర్చెంత? కొనరు, ఎందుకంటే పదకొండో షెడ్యూలులో లేని పని ఎవరి పనీ కాదు. సర్పంచిని ఎవరూ అడగరు, కార్యదర్శి రిజిస్టరులో గడి ఉండదు. రాజ్యాంగ సవరణ దాకా పోనక్కర్లేదు. ట్యాంకరు, ఇంజన్, పైపు ఎవరి అధీనంలో ఉన్నాయో, నెలకోసారి నడిపి చూశారో లేదో రాయాలని రాష్ట్రం ఓ ఉత్తర్వు ఇస్తే చాలు. సచివాలయం గోడ మీద ఆ పేరూ ఫోను నంబరూ ఉంటే, ఆర్పే పనికి ఓ మనిషి దొరికినట్టే.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయిన రోజు ఏప్రిల్ 14. ఆ ఓడలో పేలుడు పదార్థాలతో పాటు వేల పత్తి బేళ్లున్నాయి. లోలోపల రాజుకున్న పత్తిని ఆర్పలేకనే ఆ ఘోరం జరిగింది. పత్తి పండించే మన సీమలో ఆ వారం కరపత్రాలతో, పట్టణం బడుల్లో సిలిండరు ప్రదర్శనలతో గడిచిపోతుంది. అప్పటికి మిరప చాలావరకు కల్లాలు దాటి టిక్కీల్లోకి ఎక్కేస్తుంది. గుంటూరు, బాపట్ల జిల్లాల అగ్నిమాపక అధికారులు జనవరి ఆఖరులోనే, కల్లాలు సిద్ధం చేసే వేళకు, మండలానికి రెండు ఊళ్లు ఎంచుకుని ఆ ఊరి ట్యాంకరుతో, ఆ ఊరి ఇంజన్‌తో, ఆ ఊరి కుర్రాళ్లతోనే ఓ పూట కసరత్తు చేయించవచ్చు. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, డీజిల్ ఖర్చు తప్ప.